మజిల్‌లోడర్‌తో జింక వేట: ఏ గుండు మేలు, ఎంత మందు మేలు?

"అన్నా, 50 క్యాలిబర్ మజిల్‌లోడర్ కొన్నాను. జనవరి సీజన్‌కి నేనూ వస్తా. షాపాయన మూడు పెల్లెట్లు వేసుకో, రెండు వందల గజాల దాకా ఢోకా లేదన్నాడు. నువ్వేమంటావ్?" అని అమెరికాలో ఒహాయో రాష్ట్రపు కొలంబస్ నుంచి ఒక తమ్ముడు కిందటి వారం ఫోన్ చేశాడు. మూడు వద్దన్నాను (పెల్లెట్లంటే బిళ్ళల్లా ఒత్తిన తుపాకీ మందు). ఎందుకు వద్దో ఫోన్లో సగమే చెప్పగలిగాను. గుండు సంగతి వదిలేసి మందు సంగతి, మందు సంగతి వదిలేసి గుండు సంగతి తేల్చలేం. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

నాటు తుపాకీ గురించి మన పల్లెల్లో వినని వాళ్ళుండరు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో దట్టించి పేల్చేది. మజిల్‌లోడర్ కూడా అదే పద్ధతి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. అమెరికాలో జింకల సంఖ్యను అదుపులో ఉంచడానికి రాష్ట్రాలే లైసెన్సులిచ్చి, ఏ ఆయుధానికి ఎన్ని రోజులో లెక్క కట్టి సీజన్లు పెడతాయి. ఒహాయోలో జనవరి మొదట్లో నాలుగు రోజులు మజిల్‌లోడర్‌ది. పక్కనున్న పెన్సిల్వేనియాలో క్రిస్మస్ మర్నాటి నుంచి ఫ్లింట్‌లాక్‌ది, అంటే చెకుముకి రాయితో నిప్పు పుట్టించే పాత రకానిది. ఏ రకమైనా దక్కేది ఒక్క గుండే. రెండోది దట్టించేలోపు జింక కొండ దాటిపోతుంది. ఎంపికంతా ఆ ఒక్క గుండు కోసమే.

ముందు కొలత సంగతి. ఇక్కడ అన్నీ గ్రెయిన్లలో చెప్తారు. రెండు గ్రెయిన్లంటే దాదాపు ఒక గురిగింజ ఎత్తు. వంద గ్రెయిన్లు ఆరున్నర గ్రాములు. తికమక ఎక్కడంటే, గుండును తూచి గ్రెయిన్లు చెప్తారు, మందును కొలపాత్రతో కొలిచి చెప్తారు. నల్లమందు (బ్లాక్ పౌడర్, అంటే పాతకాలపు నల్లటి తుపాకీ మందు) వంద గ్రెయిన్లు పట్టే కొలపాత్రలో వేరే మందు పోస్తే, బరువెంతున్నా దాన్ని ‘వంద గ్రెయిన్లు’ అనే అంటారు. బ్లాక్‌హార్న్ 209 అనే మందు ఆ కొలకి నిజంగా తూగేది డెబ్బై గ్రెయిన్లే. ఇది తెలియక త్రాసులో వంద తూచి పోస్తే హద్దు దాటిపోయినట్టే.

గుండు ఎంచుకోవాలంటే ముందు గొట్టం లోపల చూడాలి. లోపలి గాడులు ఎంత దూరానికి ఒక చుట్టు తిరుగుతాయన్నది గొట్టం మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. 1:66 అంటే 66 అంగుళాలకు ఒక చుట్టు. ఇది గుండ్రటి సీసపు గుండుకి సరిపడేది. 1:28 అయితే పొడుగాటి గుళ్ళకి. 1:48 రెంటికీ మధ్యస్తం: గుండ్రటి గుండూ నడుస్తుంది, పొట్టి సీసపు గుళ్ళూ నడుస్తాయి. మనవాళ్ళు కొనే ఇన్‌లైన్ తుపాకులు (మందుకి తిన్నగా వెనక నుంచి నిప్పు అంటుకునే కొత్త రకం) చాలావరకు 1:28వే. వాటిలో గుండ్రటి గుండు వేసి, వంద గజాల్లో గురి కుదరడం లేదని తుపాకీని తిట్టుకుంటే లాభం లేదు.

గుండ్రటి గుండు అన్నిటికంటే పాతది. 50 క్యాలిబర్‌కి, అంటే అర అంగుళం గొట్టానికి, 0.490 అంగుళాల సీసపు గోళీ, బరువు 177 గ్రెయిన్లు. నూనె పట్టించిన నూలు గుడ్డముక్క చుట్టి దట్టిస్తారు. బయల్దేరేటప్పుడు వేగం బాగానే ఉంటుంది కానీ, గోళీ ఆకారం కదా, గాలి పట్టేసుకుంటుంది. వంద గజాలకి వెళ్ళేసరికి వేగం సగానికి దగ్గరగా పడిపోతుంది. యాభై, అరవై గజాల్లో మాత్రం మెత్తటి సీసం చక్కగా పని చేస్తుంది. పెన్సిల్వేనియాలో ఫ్లింట్‌లాక్ పట్టుకునే వాళ్ళు తరాలుగా దీంతోనే ఇంటికి మాంసం తెచ్చుకుంటున్నారు. డెబ్బై ఐదు గజాలు దాటితే నేను మాత్రం దీన్ని పేల్చను.

రెండోది గొట్టమంత మందం ఉన్న పొడుగాటి సీసపు గుండు. మ్యాక్సీ-బాల్ 370 గ్రెయిన్లు, హార్నడీ గ్రేట్ ప్లెయిన్స్ 385. గుండ్రటి దానికి రెట్టింపు పైమాటే. నిదానంగా వెళ్తుంది, లోతుగా దిగుతుంది, చాలాసార్లు అవతలి వైపు నుంచి బయటికొచ్చేస్తుంది. నష్టం రెండు వైపులా ఉంది: భుజానికి గట్టిగా తగులుతుంది, దూరం పెరిగేకొద్దీ గుండు బాగా కిందికి దిగిపోతుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. తుపాకీ మూతి కిందికి పెట్టుకుని కొండెక్కుతూ దిగుతూ తిరిగితే, వదులుగా కూర్చున్న గుండు మందుని వదిలి కొంచెం ముందుకి జరగొచ్చు. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉండి పేలిస్తే గొట్టం ఉబ్బొచ్చు, పగలొచ్చు కూడా. కొలరాడోలో మజిల్‌లోడర్ సీజన్‌కి వెళ్ళేవాళ్ళకి ఈ రకమో గుండ్రటి గుండో గతి. అక్కడ సాబో వాడకూడదు, పెల్లెట్లు వాడకూడదు, స్కోప్ పెట్టకూడదు.

ఆ సాబోయే మూడోది. ప్లాస్టిక్ గిన్నెలాంటి తొడుగులో 45 క్యాలిబర్ గుండు కూర్చుంటుంది. గాడుల్ని పట్టుకునేది తొడుగు. గొట్టం దాటగానే అది విచ్చుకుని రాలిపోతుంది, గుండు ఒంటరిగా ముందుకెళ్తుంది. బరువు 250 లేదా 300 గ్రెయిన్లు. గాలిని బాగా కోస్తుంది కాబట్టి వంద గజాలకి రెండు అంగుళాలు పైకి గురి సరిచేసుకుంటే, నూట పాతిక దాటిన తర్వాత కూడా పెద్దగా లెక్కలు వేసుకోనక్కర్లేదు. ఇబ్బందల్లా దట్టించడంలోనే. గొట్టంలో మసి పేరుకుంటే ప్లాస్టిక్ బిగుసుకుపోతుంది. చలికి ఇంకా గట్టిపడుతుంది.

ఈ రకంలోనే సీసం మీద రాగి పూత ఉన్నవీ ఉన్నాయి, పూర్తి రాగివీ ఉన్నాయి. ఇక్కడే నేను నేర్చుకున్న పాఠం ఉంది, అది నేను మర్చిపోలేనిది. ఆగ్నేయ ఒహాయో కొండల్లో నా రెండో సీజన్. మూడు పెల్లెట్లు, అంటే నూట యాభై గ్రెయిన్ల మందు. మీద 250 గ్రెయిన్ల మెత్తటి సీసపు గుండు, పైన పల్చటి పూత. ఎంత వేగం ఉంటే అంత మంచిదని నమ్మిన రోజులు. నలభై గజాల్లో ఒక ఆడజింక అడ్డంగా నిలబడింది. పేల్చగానే ఎదురుగా తెల్లటి పొగ గోడలా నిలిచింది. పొగ విడిపోయేసరికి జింక లేదు. మంచు మీద ఇరవై అడుగులకి ఒక చుక్క నెత్తురు, ఆ తర్వాత అదీ లేదు. టార్చిలైట్లు పట్టుకుని రాత్రి పదకొండు దాకా వెతికాం. తెల్లారాక వాగు పక్కన పొదలో దొరికింది. అప్పటికే కొయోటీలు (తోడేలు జాతివి) వెనక భాగం తినేశాయి. కోసి చూస్తే గుండు భుజం ఎముక దగ్గరే ముక్కలైపోయింది, లోపలికి సరిగా దిగలేదు. ఆ జంతువు రాత్రి ఎంతసేపు బతికుందో ఆలోచిస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

ఆ గుండు చెడ్డదని నేననను. అది తట్టుకోగలిగిన వేగం వేరు, నేను తోసిన వేగం వేరు. మెత్తటి సీసానికి తక్కువ మందు కావాలి. ఎక్కువ మందు వేయాలంటే ముక్కలు కాని గుండు కావాలి. అందుకే ఇప్పుడు పూర్తి రాగిదే వాడుతున్నాను. బార్న్స్ ఎక్స్‌పాండర్ లాంటివి మజిల్‌లోడర్ వేగానికే పూరేకుల్లా విచ్చుకునేట్టు చేసినవి, బరువు దాదాపు తగ్గకుండా అవతలికి పోతాయి. రెండు రంధ్రాలు పడితే నెత్తురు జాడ దొరుకుతుంది. ఇంట్లో పిల్లలు తినే మాంసంలో సీసపు తునకలు ఉండవు. వదిలేసిన పేగుల్ని తినే గద్దలకీ విషం ఉండదు. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకి సీసం వాడకూడదు. రాగికి ధర ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ సీజన్ మొత్తానికి వేటలో ఖర్చయ్యేవి రెండో మూడో.

ఇక మందు. అసలైన నల్లమందుకి నిప్పు చప్పున అంటుకుంటుంది. ఫ్లింట్‌లాక్‌కి అది తప్ప వేరే దారి లేదు. నల్లమందుకి బదులు వాడే పైరోడెక్స్ లాంటివి చెకుముకి రవ్వకి నమ్మకంగా అంటుకోవు. 50 క్యాలిబర్ గొట్టంలోకి ఎఫ్‌ఎఫ్‌జి అనే సైజు గింజ, రంజకానికి (రవ్వ పడే చోట వేసే మందుకి) ఇంకా సన్నటిది. 2021లో గోయెక్స్ అనే నల్లమందు ఉత్పత్తి ఆగినప్పుడు ఇక్కడ చాలామంది కంగారుపడ్డారు. మరుసటి ఏడాది ఎస్టెస్ సంస్థ దాన్ని కొని మళ్ళీ మొదలుపెట్టింది. నల్లమందులోనూ పైరోడెక్స్‌లోనూ గంధకం ఉంటుంది. పేల్చిన రోజే కడగకపోతే గొట్టం తుప్పు పడుతుంది. వేడినీళ్ళు, సబ్బు చాలు.

నల్లమందుకి బదులు వాడే ట్రిపుల్ సెవెన్ అనే మందులో గంధకం లేదు, వాసన తక్కువ, నీళ్ళతో పోతుంది. కానీ బలం ఎక్కువ. నల్లమందు కొలతకి పదిహేను శాతం తగ్గించి పోయాలి. మూడు నాలుగు పేల్చాక గుండు కూర్చునే చోట గట్టి మసి ఉంగరంలా కడుతుంది. కడ్డీ దిగుతూ దిగుతూ చివర్లో టక్కున ఆగిపోతుంది. కొత్తవాళ్ళు గుండు మందు మీద కూర్చుందనుకుంటారు, నిజానికి ఇంకా అంగుళం పైనే ఉంటుంది. తడిగుడ్డ ఒకసారి దింపి తీస్తే ఆ ఉంగరం పోతుంది.

బ్లాక్‌హార్న్ 209లో ఈ బాధ చాలా తక్కువ. వరసగా పేల్చినా గొట్టం తుడవక్కర్లేదు, తేమనీ పెద్దగా పీల్చుకోదు. 209 రకం షాట్‌గన్ ప్రైమర్ (మందుకి నిప్పు అంటించే చిన్న గుబ్బ) లేకపోతే మాత్రం అంటుకోదు. కొలతలో 120 గ్రెయిన్లు దాని హద్దు. శుభ్రం చేయడానికి నీళ్ళు పనికిరావు, తుపాకీ సాల్వెంట్ కావాలి. పది ఔన్సుల డబ్బా డెబ్బై గ్రెయిన్ల బరువు చొప్పున అరవై పైచిలుకు సార్లు వస్తుంది. డబ్బా ధర చూసి గుండె గుభేలుమన్నా, సంవత్సరానికి ఒక డబ్బా దాటదు.

పెల్లెట్లా, పొడి మందా? చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నప్పుడు పెల్లెట్లు హాయి, నిజమే. కానీ యాభై, వంద, నూటయాభై అని మెట్లు మెట్లుగానే పోవాలి. పొడి మందైతే ఐదేసి గ్రెయిన్లు పెంచుకుంటూ తుపాకీకి ఏది నచ్చుతుందో కనుక్కోవచ్చు. వంద నుంచి నూటయాభైకి పెంచితే సెకనుకి రెండు మూడు వందల అడుగుల వేగం పెరుగుతుంది. దానికి బదులుగా భుజానికి తగిలే దెబ్బ బాగా పెరుగుతుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ఒళ్ళు బిగుసుకుంటుంది, గురి చెదిరిపోతుంది. నా తుపాకీలో ఎనభై, తొంభై దగ్గర మూడు గుళ్ళూ అరచేతి వెడల్పులో పడ్డాయి. నూటయాభైకి భోజనం ప్లేటంత చెదిరాయి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాలు. అందుకే ఆ తమ్ముడికి మూడు వద్దన్నది.

కొన్ని విషయాల్లో మాత్రం రాజీ లేదు. మామూలు రైఫిల్ గుళ్ళలో వాడే పొగ రాని మందు మజిల్‌లోడర్‌లో వేస్తే గొట్టం పేలిపోతుంది, చేతులు పోతాయి. దానికోసం ప్రత్యేకంగా చేసిన తుపాకులు వేరు. డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి మందు పోయకూడదు. లోపల రవ్వ మిగిలుంటే డబ్బా మొత్తం చేతిలోనే అంటుకుంటుంది. అందుకే కొలపాత్రలో పోసి, అక్కడి నుంచి గొట్టంలోకి. మాన్యువల్‌లోనూ మందు డబ్బా మీదా ఏది తక్కువ రాసుంటే అదే హద్దు. దట్టించిన తర్వాత గుండు సరిగ్గా మందు మీద కూర్చున్నప్పుడు కడ్డీ మీద మూతి దగ్గర ఒక గీత గీసుకోవాలి. నా కడ్డీకి రెండు గీతలున్నాయి, ఖాళీ గొట్టానిదొకటి, నింపినదానిదొకటి. పొరపాటున రెండుసార్లు మందు పోసినా, గుండు మధ్యలో ఇరుక్కున్నా ఆ గీత చెప్పేస్తుంది.

చివరికి తమ్ముడికి చెప్పింది ఇదీ. నీది 1:28 ఇన్‌లైన్, 209 ప్రైమర్‌ది. 250 గ్రెయిన్ల పూర్తి రాగి సాబో కొను. బ్లాక్‌హార్న్ కొలతలో ఎనభైతో మొదలుపెట్టి, ఐదేసి పెంచుతూ మూడేసి గుళ్ళు కాగితం మీద పేల్చు. ఎక్కడ దగ్గరగా పడితే అక్కడ ఆగు. నూట ఇరవై ఐదు గజాలు దాటి కనిపిస్తే పోనీ. అదే నీ చేతిలో ఫ్లింట్‌లాక్ ఉండి ఉంటే, గుండ్రటి గుండు, డెబ్బై గ్రెయిన్ల నల్లమందుతో మొదలుపెట్టమనేవాణ్ణి. యాభై గజాలకి దగ్గరగా రానిచ్చి కొట్టమనేవాణ్ణి.

"పొగలో జింక ఎటు పోయిందో ఎలా తెలుస్తుందన్నా?" అన్నాడు. పేల్చిన వెంటనే మోకాళ్ళ మీద కూర్చుని పొగ కింద నుంచి చూడమన్నాను. పొగ పైకి లేస్తుంది, కాళ్ళు కనిపిస్తాయి.