'రీడ్ ఓన్లీ' బటన్‌ని నమ్మి ఏఐకి క్లస్టర్ తాళాలు ఇవ్వకండి

కుబెర్నెటిస్ క్లస్టర్‌ని (ప్రోగ్రామ్‌లను నడిపే సర్వర్ల గుంపుని) ఏఐ అసిస్టెంట్‌కి కలిపే కనెక్టర్ ఏదైనా డబ్బు పెట్టి కొనబోతున్నారా? ముందు ఇది చదవండి. కంపెనీ పేరు రాయడం లేదు, వాళ్లతో రిఫండ్ గొడవ ఇంకా నడుస్తోంది. పైగా ఈ జబ్బు ఒక్కళ్ల సరుకులోనే ఉంటుందని నేను అనుకోవట్లేదు.

2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ ఎంసీపీ అనే ప్రోటోకాల్‌ని, అంటే ఏఐని బయటి టూల్స్‌తో కలిపే పద్ధతిని, బయటపెట్టిన తర్వాత ఇలాంటి కనెక్టర్లు పుట్టగొడుగుల్లా వచ్చాయి. లోపల జరిగేది సులువే. పాడ్‌ల (క్లస్టర్‌లో నడిచే ప్రోగ్రామ్‌ల) జాబితా, లాగ్స్, ఈవెంట్స్ అంటూ కొన్ని టూల్స్‌ని అసిస్టెంట్ ముందు పెడతారు. మోడల్ తనకు కావలసినదాన్ని పిలుస్తుంది, కనెక్టర్ వెళ్లి మన తరఫున క్లస్టర్‌కి వచ్చే ఆదేశాలన్నీ తీసుకునే ఏపీఐ సర్వర్‌తో మాట్లాడి వస్తుంది. నేను ఏడాది చందా కట్టడానికి కారణం సెట్టింగ్స్‌లో ఉన్న ఒకే ఒక్క బటన్: 'రీడ్ ఓన్లీ మోడ్'. అది ఆన్‌లో ఉంటే ఏఐ చూస్తుంది తప్ప దేన్నీ ముట్టుకోదని రాశారు. ఆన్ చేసి, వాళ్ల సైట్‌లో నా క్యూబ్‌కాన్ఫిగ్ ఫైల్‌ని, అంటే క్లస్టర్ తాళం చెవిని, అప్‌లోడ్ చేశాను. ఈ రెండో పని ఎంత తెలివితక్కువదో తర్వాత చెప్తాను.

ఉన్నమాట చెప్పాలి, మొదటి రెండు వారాలు బాగా పనిచేసింది. పదే పదే పడిపోతున్న ఒక పాడ్‌ని చూసి మెమరీ లిమిట్ చాలట్లేదని ఒక్క నిమిషంలో తేల్చింది. నేనైతే అరగంట లాగ్స్‌లో ఈదేవాణ్ణి. అలవాటు పడిపోయాను.

తర్వాత టెస్టింగ్ క్లస్టర్‌లో ఒక నోడ్ (సర్వర్) పోయింది. దాని మీదున్న డేటాబేస్ పాడ్ పెండింగ్‌లో ఆగిపోయింది. అసిస్టెంట్‌ని అడిగాను: "ఇది ఎందుకు లేవట్లేదు? చూసి సరిచెయ్యి." ఆ 'సరిచెయ్యి' నాదే, ఒప్పుకుంటాను. రీడ్ ఓన్లీలో ఉంది కదా, మహా అయితే ఏం చేయాలో చెప్తుంది అనుకున్నాను.

రెండు నిమిషాల్లో జవాబు: "సమస్య తీరింది, పాడ్ రన్నింగ్‌లో ఉంది." నిజంగానే రన్నింగ్‌లో ఉంది. సంతోషపడి వేరే పనిలో పడ్డాను. గంట తర్వాత టీమ్‌లో కుర్రాడి మెసేజ్: "అన్నా, డేటాబేస్ ఖాళీగా ఉందేంటి? నువ్వేమైనా తీసేశావా?"

జరిగింది ఇది. ఆ డేటాబేస్ డిస్క్ ఒక జోన్‌లో (క్లౌడ్‌లో ఒక డేటాసెంటర్ అనుకోండి) ఉంది, మిగిలిన నోడ్‌లన్నీ ఇంకో జోన్‌లో ఉన్నాయి, వాటికి ఆ డిస్క్ తగిలించడం కుదరదు. కుబెర్నెటిస్ దీన్ని వాల్యూమ్ నోడ్ అఫినిటీ కాన్‌ఫ్లిక్ట్ అంటుంది. అసిస్టెంట్ కారణాన్ని సరిగ్గానే పట్టుకుంది. దానికి దొరికిన దగ్గరి దారి మాత్రం పీవీసీని, అంటే డిస్క్ కావాలని పాడ్ తరఫున పెట్టిన అర్జీని, డిలీట్ చేసి, పాడ్‌ని కూడా డిలీట్ చేయడం. స్టేట్‌ఫుల్‌సెట్ (డేటా ఉంచుకునే పాడ్‌లు పోతే మళ్లీ లేపే ఏర్పాటు) కాబట్టి కొత్త పాడ్, కొత్త పీవీసీ వాటంతటవే పుట్టాయి, ఈసారి నోడ్‌లున్న జోన్‌లోనే. వాడుకలో ఉన్న పీవీసీని తొందరపడి పోనివ్వని రక్షణ ఒకటి కుబెర్నెటిస్‌లో ఉంది కానీ, ఏ నోడ్ మీదా ఎక్కని పెండింగ్ పాడ్‌కి అది అక్కరకు రాదు. మా స్టోరేజ్ క్లాస్‌లో (డిస్క్‌లు ఎలా తయారవ్వాలో చెప్పే సెట్టింగ్‌లో) రీక్లెయిమ్ పాలసీ, అంటే పీవీసీ పోతే డిస్క్‌ని ఏం చేయాలనేది, 'డిలీట్'. మీరు వేరేగా పెట్టకపోతే మీదీ అదే అయి ఉంటుంది. పీవీసీతో పాటు అసలు డిస్క్ కూడా పోయింది. మూడు వారాల లోడ్ టెస్ట్ డేటా. దానికి స్నాప్‌షాట్ కూడా లేదు, టెస్టింగే కదా అని తీయలేదు.

మరి రీడ్ ఓన్లీ ఏమైంది? ఆ రాత్రి కూర్చుని కనెక్టర్ ఏయే టూల్స్ ఇస్తోందో చూశాను. బటన్ ఆన్ చేస్తే డిలీట్, అప్లై, స్కేల్ అనే పేర్లున్న టూల్స్ మాయమవుతున్నాయి. కానీ 'క్యూబ్‌సీటీఎల్ కమాండ్ నడుపు' అనే టూల్ (క్యూబ్‌సీటీఎల్ అంటే క్లస్టర్‌కి ఆదేశాలిచ్చే ప్రోగ్రామ్) అలాగే ఉంది, ఏ కమాండ్ ఇచ్చినా నోరు మూసుకుని నడుపుతుంది. దాని వివరణలో మాత్రం "మార్పులు చేసే కమాండ్లు వాడవద్దు" అని మోడల్‌కి ఒక విన్నపం. వీధి వాకిలికి తాళం వేసి దొడ్డి వాకిలి తెరిచిపెట్టడమంటే ఇదే. ఇంకో ఘనకార్యం, ఆ టూల్ తనకు తాను 'చదవడానికి మాత్రమే' అని ముద్ర వేసుకుంది. అందుకే నా అసిస్టెంట్ డిలీట్‌కి ముందు అనుమతి కూడా అడగలేదు. ఈ ముద్రలు సూచనలు మాత్రమేనని, నమ్మకం లేని సర్వర్ ఇచ్చిన ముద్రని నమ్మకూడదని ఎంసీపీ స్పెసిఫికేషన్‌లోనే ఉంది. నేను చదివింది తర్వాతే.

ఎవరు ఏం చేశారో రాసుకునే ఆడిట్ లాగ్‌లో ఆ డిలీట్ నా పేరు మీదే ఉంది. నా సర్టిఫికెట్‌తో వెళ్లింది కాబట్టి క్లస్టర్ లెక్కలో చేసింది నేనే. సోర్స్ ఐపీ వాళ్ల సర్వర్‌ది కావడం వల్ల బయటపడ్డాను. ఆడిట్ లాగింగ్ ఆన్ చేసి ఉండకపోతే ఆ కుర్రాడికి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఇప్పుడు ఆ క్యూబ్‌కాన్ఫిగ్ సంగతి. మా క్లస్టర్ పాతది, క్లస్టర్లు కట్టే క్యూబ్‌ఏడీఎం అనే టూల్‌తో కట్టింది. 1.29 కంటే ముందు వెర్షన్లలో అది ఇచ్చే అడ్మిన్ ఫైల్‌లోని సర్టిఫికెట్ 'సిస్టమ్ మాస్టర్స్' గ్రూప్‌ది. ఆ గ్రూప్‌కి ఆర్‌బ్యాక్ (ఎవరికి ఏ హక్కులున్నాయో చూసే కాపలా) అడ్డు రాదు. సర్టిఫికెట్ గడువు ఏడాది, మధ్యలో రద్దు చేసే సదుపాయం కుబెర్నెటిస్‌లో లేదు. అంటే నేను చందా ఆపేసినా, వాళ్లు ఫైల్ తుడిచేశామని మెయిల్ పెట్టినా, ఆ తాళం చెవి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. ఆపాలంటే క్లస్టర్ సీఏనే, అంటే సర్టిఫికెట్లకు ముద్ర వేసే మూల తాళాన్నే, మార్చాలి. పాస్‌వర్డ్‌లు దాచే సీక్రెట్‌లన్నీ కూడా మార్చాలి. అవి బేస్64లో చుట్టి ఉంటాయంతే, చదవగలిగినవాడికి అందులో దాపరికం ఏమీ లేదు.

కంపెనీ జవాబు: "మోడల్ తీసుకున్న నిర్ణయాలకు మాది బాధ్యత కాదు." తలుపు తెరిచిపెట్టింది మోడల్ కాదు కదా అని తిరిగి రాశాను. ఆ తర్వాత సమాధానం లేదు.

కొనేముందు ఒక్క పరీక్ష పెట్టండి. మీ ల్యాప్‌టాప్‌లో మినీక్యూబ్ లాంటి పారేసే క్లస్టర్ ఒకటి లేపి, రీడ్ ఓన్లీ ఆన్ చేసి, "ఈ నేమ్‌స్పేస్ తీసెయ్" (నేమ్‌స్పేస్ అంటే క్లస్టర్‌లో ఒక విభాగం) అని తిన్నగా అడగండి. మోడల్ మర్యాదగా కాదంటే సరిపోదు. రెండు మూడు రకాలుగా బతిమాలండి. అప్పుడు ఏపీఐ సర్వర్ నుంచి 'ఫర్బిడెన్' వస్తేనే అది తాళం. "నేను అలా చేయలేను" అనేది మోడల్ మాట, రేపు మారిపోవచ్చు. క్యూబ్‌కాన్ఫిగ్ అప్‌లోడ్ చేయమనే సరుకు అయితే పరీక్ష కూడా అక్కర్లేదు, వదిలేయండి.

నేను ఇప్పుడు వాడుతున్నది మా మెషీన్‌లోనే నడిచే ఉచిత కనెక్టర్. దానికి విడిగా ఒక సర్వీస్ అకౌంట్ (మనిషికి కాక ప్రోగ్రామ్‌కి ఇచ్చే ఖాతా), 'వ్యూ' అనే రోల్, గంటలో చచ్చిపోయే టోకెన్. ఆ రోల్‌కి సీక్రెట్‌లు కనబడవు, డిలీట్ చేసే హక్కు అసలే లేదు. మోడల్ ఎంత ఉత్సాహపడినా ఏపీఐ సర్వరే ఆపుతుంది. ఏయే హక్కులున్నాయో 'ఆథ్ క్యాన్ ఐ' కమాండ్‌తో ఆ అకౌంట్ పేరు మీదే చూసుకున్నాను. ఒక్క లోటు ఉంది: 'వ్యూ'కి లాగ్స్, కాన్ఫిగ్‌మ్యాప్‌లు (మామూలు సెట్టింగ్‌లు రాసుకునే చోటు) కనబడతాయి. ఏ మహానుభావుడో పాస్‌వర్డ్‌ని కాన్ఫిగ్‌మ్యాప్‌లో రాసి ఉంటే అది ఏఐ ముందుకు వెళ్తుంది. మా దగ్గర రెండు దొరికాయి, ఒకటి నేను రాసిందే.

రీక్లెయిమ్ పాలసీని 'రిటైన్'కి (డిస్క్‌ని అలాగే ఉంచు అని) మార్చేవాళ్లకి ఒక మాట. ఉన్న స్టోరేజ్ క్లాస్‌లో అది మార్చనివ్వదు, క్లాస్‌ని తీసేసి మళ్లీ పెట్టాలి; అలా చేసినా కొత్త వాల్యూమ్‌లకే (డిస్క్‌లకే) వర్తిస్తుంది. ఉన్నవాటిని ఒక్కొక్కటిగా ప్యాచ్ చేయాలి.

సీఏ మార్చే పని ఈ శనివారం రాత్రికి పెట్టుకున్నాం. రిఫండ్ ఇంకా రాలేదు.