మిషిగన్ అడవిలో డిష్ నిలబెట్టడానికి మూడు రోజులు

"ఆకాశం కనిపించే ప్రతిచోటా పనిచేస్తుంది" అని శాటిలైట్ టీవీ కంపెనీ ప్రతినిధి ఫోనులో నాకు రెండుసార్లు చెప్పాడు. రెండోసారి నేనే అడిగి చెప్పించుకున్నాను. ఆ మాట నమ్మి 500 మైళ్ళకు పైగా వెళ్ళి, మంచులో నిలబడి, అందులో సగమే నిజమని తెలుసుకున్నాను. మిగిలిన సగం దాచిపెట్టి డబ్బు మాత్రం మొత్తం కట్టించుకున్న తీరు నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. ఇలాంటి పని తలపెట్టినవాళ్ళు కార్డు నంబరు ఇచ్చే ముందు ఇది చదవాలని రాస్తున్నాను.

మేముండేది డెట్రాయిట్ శివార్లలో. నా సహోద్యోగి కుటుంబానికి మిషిగన్ ఉత్తర కొసన, అప్పర్ పెనిన్సులాలో, ఐరన్ రివర్ ఊరు దాటాక ఒటావా జాతీయ అరణ్యాన్ని ఆనుకుని ఒక డీర్ క్యాంపు ఉంది. క్యాంపు అంటే గుడారం కాదు. రెండు గదుల చెక్క ఇల్లు, కట్టెల పొయ్యి, పక్కన ఫిన్లాండ్ పద్ధతిలో ఆవిరిస్నానానికి చిన్న గది. కరెంటు లేదు, ఫోను సిగ్నల్ లేదు. తుపాకీతో జింకల వేటకు అక్కడ నవంబరు 15 నుంచి 30 వరకు అనుమతి. థాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం కాబట్టి ఆ రోజుల్లోనే వస్తుంది. ఆ రోజు డెట్రాయిట్ లయన్స్ జట్టు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మిషిగన్ వాళ్ళకు పండగలో ఒక భాగం. 1934లో మొదలైన ఆనవాయితీ అది.

సహోద్యోగి తండ్రికి 78 ఏళ్ళు. మోకాళ్ళు సహకరించక మంచె ఎక్కడం మానేశారు. క్యాంపుకు వస్తే ఆట చూడలేరు, ఆట కోసం ఇంట్లో ఉంటే కొడుకులూ మనవలూ అడవిలో ఉంటారు. రెండేళ్ళుగా పండగ రోజు ఆయన ఒంటరిగా గడిపారని తెలిసి, నేను చదివింది ఎలక్ట్రానిక్స్ కాబట్టి ఈ పని నా మీద వేసుకున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న దేశంలో పెరిగిన నాకు వేట అనగానే మనసు ఒప్పుకోదు. నేను తుపాకీ ముట్టలేదు, ముట్టను కూడా. వెళ్ళింది ఆ పెద్దాయన కోసం. తోడుగా మా బావమరిదిని తీసుకెళ్ళాను.

ఆదివారం బయలుదేరాం. ఐదు మైళ్ళ మాకినా వంతెన దాటడానికి టోలు 4 డాలర్లు. అక్కడి వరకు చెప్పుకోవలసిన ఇబ్బంది లేదు. ఆ రాత్రి 2వ నంబరు జాతీయ రహదారి పక్కన ఒక మోటెల్లో దిగాం. ఫోనులో 89 డాలర్లన్న గదికి కౌంటరు దగ్గర 139 అడిగారు. ఎందుకని అడిగితే "వేట సీజను" అని ఒక్క మాట. హీటరు చప్పుడు చేసిందే తప్ప వేడి ఇవ్వలేదు. రాత్రి పదకొండుకు వెళ్ళి చెబితే కౌంటరులో ఉన్న మనిషి పలచటి దుప్పటి ఒకటి చేతికిచ్చి, తుపాకులు లేనివాళ్ళకు ఈ వారం ఇక్కడేం పనని అడిగాడు. బావమరిది కోటు, బూట్లు వేసుకునే పడుకున్నాడు. తెల్లవారాక, "బావా, హోటలు నువ్వు చూశావా, అక్క చూసిందా?" అని అడిగాడు. నేను చూశానని చెప్పాక మధ్యాహ్నం వరకు మాట్లాడలేదు. సీజనులో అటు వెళ్ళేవాళ్ళు ధర రాతపూర్వకంగా తెప్పించుకోండి. గది తాళం తీసుకునే ముందు లోపలికి వెళ్ళి హీటరు మీద చెయ్యి పెట్టి చూడండి.

వాడిని మళ్ళీ మాట్లాడించింది దారిలో ఒక చిన్న కొట్టులో దొరికిన పాస్టీ. అరచేతికి మించిన పెద్ద కజ్జికాయలా ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లాండులోని కార్న్‌వాల్ నుంచి గనుల పనికి వచ్చినవాళ్ళు తెచ్చిన తిండి. లోపల మామూలుగా గొడ్డుమాంసం, బంగాళాదుంప, ఉల్లి, రుటబాగా అనే దుంప ఉంటాయి. మేము గొడ్డుమాంసం తినం అని చెప్పగానే కొట్టు ఆవిడ విసుక్కోకుండా కూరగాయలతో చేసినవి రెండు వేడి చేసి ఇచ్చింది. ఒక్కొక్కటి 8 డాలర్ల 50 సెంట్లు. అంచు కరకరలాడుతుంటే లోపల దుంప వెన్నలా కరిగింది. మా దగ్గరున్న ఆవకాయ సీసా తీసి నంజుకున్నాం. ఈ ప్రయాణంలో ఖర్చుకు తగిన విలువ దొరికిన మొదటి చోటు అదే.

సోమవారం మధ్యాహ్నం క్యాంపు చేరగానే డిష్ పని మొదలుపెట్టాను. విశాఖపట్నంలో మా డాబా మీది డిష్ దాదాపు నడినెత్తికి చూస్తుంది. అక్కడ ఉపగ్రహం ఆకాశంలో 69 డిగ్రీల ఎత్తున ఉంటుంది మరి. మిషిగన్ ఉత్తరాన మాకు కావలసిన ఉపగ్రహం 35 డిగ్రీల ఎత్తులోనే ఉంది. చూడడానికి ఇది అంకెల తేడాలా కనిపిస్తుంది గాని అడవిలో అసలు కష్టమంతా ఇదే. ఎదురుగా 80 అడుగుల చెట్టు ఉంటే విశాఖలో 30 అడుగులు వెనక్కి జరిగితే చాలు. ఇక్కడ 115 అడుగులు జరగాలి. ఇంటి చుట్టూ పైన్ చెట్లే కాబట్టి డిష్‌ను ఇంటికి దూరంగా, ఒకప్పుడు కట్టెలు తరలించిన పాత దారిలో పెట్టవలసి వచ్చింది. 50 అడుగుల కేబులు సరిపోతుందన్న కంపెనీ మాట పక్కన పెట్టి 150 అడుగులది కొని ఉండడం మమ్మల్ని కాపాడింది. అయితే కేబులు మధ్య తీగ పూర్తిగా రాగిది కావాలి. డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే ఎల్ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు అదే తీగలో వెళ్తుంది. రాగి పూత పూసిన ఉక్కు తీగ అంత దూరంలో ఆ వోల్టేజీని తినేస్తుంది.

దిక్సూచిని నమ్మి ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. ఇదంతా ఇనుప గనుల ప్రాంతం. 1844లో విలియం బర్ట్ అనే సర్వేయరు బృందం, దిక్సూచి ముల్లు అడ్డదిడ్డంగా తిరగడం చూసి ఇదే పెనిన్సులాలో నెగానీ దగ్గర ఇనుప ఖనిజాన్ని గుర్తించింది. దానికి తోడు నేను ట్రక్కు పక్కన నిలబడి చూస్తున్నాను. మంగళవారం దిక్సూచిని జేబులో పెట్టి ఎండను నమ్ముకున్నాను. మాకు కావలసిన దిక్కు దక్షిణం నుంచి కాస్త పడమరకు. లెక్క కట్టి, సూర్యుడు ఆ దిక్కుకు వచ్చే సమయానికి, అంటే ఒంటిగంటకు పది నిమిషాల ముందు, నిటారుగా పాతిన కర్ర నీడ మీద గీత గీశాను. డిష్‌ను ఆ గీత వెంట పెట్టి, స్తంభం నిలువుగా ఉందో లేదో మట్టం పెట్టి చూసి, ముక్కాలి స్టాండు మీద రెండు ఇసుక బస్తాలు వేశాను. ఇసుక బస్తాలు తప్పనిసరి.

తర్వాత మా చిన్నప్పటి దూరదర్శన్ రోజుల పనే. నేను డిష్ దగ్గర, బావమరిది టీవీ దగ్గర. అరిస్తే జింకలు బెదిరిపోతాయని వాకీటాకీలో గుసగుసగా, "వచ్చిందా?", "పోయింది", "వెనక్కి". ఒక్కో డిగ్రీ తిప్పి ఐదు సెకన్లు ఆగాలి, తొందరపడితే ఉపగ్రహాన్ని దాటిపోతాం. పది నిమిషాల్లో సిగ్నల్ 84కు చేరింది. ఎవరేం చెప్పినా వేట రోజుల్లో డిష్ దగ్గరికి వెళ్ళేటప్పుడు నారింజ రంగు కోటు వేసుకోండి. పొదల మధ్య వంగి కదిలేది మనిషని దూరం నుంచి తెలియదు.

సిగ్నల్ వచ్చింది. వార్తలు, సినిమాలు, వంటల చానళ్ళు అన్నీ వచ్చాయి. ఆట వేసే స్థానిక చానల్ ఒక్కటే రాలేదు.

కంపెనీ నాకు చెప్పని విషయం ఇదే. దేశవ్యాప్త చానళ్ళు ఉపగ్రహం నుంచి దేశమంతటా పడతాయి. స్థానిక చానళ్ళు మాత్రం ఆయా ప్రాంతాల మీదికి మాత్రమే సన్నని కిరణాలుగా వస్తాయి. నా ఖాతా డెట్రాయిట్ చిరునామాతో ఉంది కాబట్టి నాకు డెట్రాయిట్ చానళ్ళే ఇచ్చారు. ఆ కిరణం ఐరన్ రివర్ దాకా రాదు. క్యాంపు కోసమే తీసుకుంటున్నానని, లయన్స్ ఆట కోసమేనని మొదటి ఫోనులోనే చెప్పాను. ఎదుటి మనిషి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

ఫోను సిగ్నల్ కోసం 11 మైళ్ళు వెళ్ళాలి. బుధవారం పొద్దున 52 నిమిషాలు లైనులో ఉన్నాను. మొదటి మనిషి డిష్ తప్పుగా పెట్టారన్నాడు. రెండో ఆమె చిరునామా మార్చాలంది గాని, క్యాంపుకు చెప్పగలిగిన చిరునామా ఏదీ మా దగ్గర లేదు. మూడో మనిషి చిరునామా లేని చోట సేవ ఇవ్వలేమని ఫోను పెట్టేశాడు. అదే చోటికి నెల డబ్బు ముందే తీసుకున్న కంపెనీ అది!

దారి చూపింది ఊళ్ళోని హార్డ్‌వేర్ కొట్టు యజమానురాలు. క్యాంపు దారి మొదట్లో ఆకుపచ్చ రేకు మీద ఒక నంబరు ఉంటుందని, అగ్నిమాపక దళం కోసం పెట్టిన ఆ నంబరే రోడ్డు పేరుతో కలిపితే చిరునామా అని చెప్పింది. నేను కొన్నది 3 డాలర్ల టేపు చుట్ట. ఆవిడ ఇరవై నిమిషాలు నాతో మాట్లాడి, కొట్టు ఫోను కూడా వాడుకోనిచ్చింది. ఈసారి నాలుగు నిమిషాల్లో పని అయింది. దానికి 25 డాలర్ల రుసుము. కొత్త ఆదేశం అందాలంటే రిసీవర్ ఆన్‌లోనే ఉండాలి కాబట్టి బావమరిది క్యాంపులో దాని ముందే కూర్చున్నాడు. నేను తిరిగి వెళ్ళేసరికి వాడు గడప బయట నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. మోటెల్ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

కరెంటు గురించి ఒక మాట. జనరేటరు వద్దు. దాని మోతకు క్యాంపులో అందరి ముఖాలూ మారిపోయాయి. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ నా దగ్గర ఉంది. 32 అంగుళాల టీవీ, రిసీవర్ కలిపి 70 వాట్లు తీసుకుంటే ఇన్వర్టరు నష్టం పోను 15 గంటల దాకా వస్తుంది. బ్యాటరీని ఇంటి లోపలే ఉంచాలి, గడ్డకట్టే చలిలో ఛార్జింగు పెడితే పాడైపోతుంది.

గురువారం తెల్లవారేసరికి డిష్ నిండా మంచు, సిగ్నల్ సున్నా. కారు మంచు దులిపే మెత్తటి బ్రష్‌తో తుడిస్తే వెంటనే తిరిగి వచ్చింది. డెట్రాయిట్‌లో ఆ ఏడాది పన్నెండున్నరకు మొదలైన ఆట ఐరన్ రివర్‌లో పదకొండున్నరకే వచ్చింది, ఆ కౌంటీ సెంట్రల్ టైమ్‌లో ఉంది కాబట్టి. పదకొండుకే మంచెల మీద నుంచి అందరూ దిగి వచ్చారు. పెద్దాయన పొయ్యి పక్క కుర్చీలో, లయన్స్ నీలం టోపీ పెట్టుకుని కూర్చున్నారు. జాతీయ గీతం వస్తుంటే మోకాళ్ళ నొప్పితోనే లేచి నిలబడ్డారు. చిన్న మనవడు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

ఖర్చు చెబుతాను. పాత డిష్, స్టాండు 165, రిసీవర్ ప్రారంభ రుసుము 35, నెల చందా 74, కేబులు 52, సిగ్నల్ మీటరు 22, చిరునామా మార్పు 25. మొత్తం 373 డాలర్లు. బ్యాటరీ, ఇన్వర్టరు లేనివాళ్ళకు మరో 350 అవుతుంది. ఆ 25 డాలర్లు తిరిగి ఇవ్వమని కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. మూడోది రాస్తాను.

వచ్చే ముందు పెద్దాయన నన్ను కట్టెల దారిలోకి తీసుకెళ్ళి, స్టాండు కాళ్ళ గుర్తుల దగ్గర తన చేతికర్ర గుచ్చి చూశారు. వసంతంలో నేల కరిగాక అక్కడే గొయ్యి తవ్వి ఇనుప స్తంభం పాతిస్తారట. ఎంత లోతు తవ్వాలో, ఎంత సిమెంటు పడుతుందో కాగితం మీద రాసిమ్మన్నారు. రాసిచ్చాను.