పత్తికొండ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు ఆరో తరగతి: జెడ్పీ హైస్కూలా, ప్రైవేటా, మోడల్ స్కూలా?

ఏప్రిల్ వచ్చిందంటే కర్నూలు జిల్లా మా పత్తికొండ చుట్టుపక్కల ఊళ్ల నుంచి అందరూ అడిగేది ఒకటే: "పాపకు అయిదు అయిపాయె అన్నా, ఆరుకు యాడ చేర్పిస్తే బాగుంటాది?" చాలా ఊళ్లలో బడి అయిదుతోనే ఆగిపోతుంది. ఆ తర్వాత టౌనుకు రావాల్సిందే. జిల్లా పరిషత్ హైస్కూలు, ప్రైవేటు ఇంగ్లీషు మీడియం, ప్రభుత్వమే నడిపే మోడల్ స్కూలు, ఈ మూడింట్లో ఏది అన్న దగ్గరే ఇళ్లలో మాట తెగదు. మా తమ్ముడి కూతురికి మా ఇంట్లోనూ ఇదే చర్చ నడిచి, చివరకు జెడ్పీలో చేర్చాం. ఎందుకో చెప్తాను.

డబ్బు సంగతి ముందే తేల్చేద్దాం. తల్లికి వందనం కింద తల్లి ఖాతాలో పడే 13,000 ప్రభుత్వ బడైనా ప్రైవేటైనా వస్తుంది. కాబట్టి దాన్ని చూసి బడి ఎంచుకోవద్దు. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటులో 25 శాతం సీట్లు ఉన్నాయి కదా అంటారు, అవి ఒకటో తరగతి చేరికలకు, ఆరుకు కాదు. ప్రైవేటులో ఫీజు, వ్యాను, పుస్తకాలు, యూనిఫాం అన్నీ మన జేబులోంచే. జెడ్పీలో పుస్తకాలు, బట్టలు, బూట్లు, బ్యాగు, మధ్యాహ్న భోజనం ఇస్తారు. 2025 జూన్ నుంచి ఆ భోజనంలో సన్నబియ్యం వండుతున్నారు.

రాకపోకలు కూడా ఇప్పుడు కొంత తేలికయ్యాయి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఆడపిల్లలు పల్లెవెలుగులో టికెట్ లేకుండా వస్తున్నారు. కాకపోతే మీ ఊరి బస్సు బడి గంటకు ముందు వస్తుందా, సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక దొరుకుతుందా అన్నది డిపోలో కనుక్కోండి. ఆ బస్సు పోతే మళ్లీ ఆటోనే గతి. ఇంటి ముందు ఎక్కించుకుని ఇంటి ముందు దించే వ్యాను విషయంలో ప్రైవేటుదే పైచేయి, అది ఒప్పుకోవాలి.

ఇక నా లెక్కలో అన్నిటికంటే పెద్ద విషయం: ఎనిమిది నుంచి పది దాకా లెక్కలు, సైన్సు ఎవరు చెబుతారు? ఆరు, ఏడు తరగతుల్లో పిల్ల కాస్త వెనకబడినా ఇంట్లో కూర్చోబెట్టి లాగేయొచ్చు. ఎనిమిదిలో బీజగణితం గట్టిపడుతుంది, సైన్సులో సూత్రాలు మొదలవుతాయి. అక్కడ పునాది పడకపోతే పదిలో గైడు బట్టీ పట్టడమే మిగులుతుంది. ఆ బట్టీ కూడా ఇప్పుడు పని చేయదు. 2024-25 నుంచి పదో తరగతికీ ఎన్సీఈఆర్టీ (కేంద్ర సిలబస్) పుస్తకాలే వచ్చాయి, అర్థం కాకుండా ఆ లెక్కలు చేయలేరు.

జెడ్పీలో లెక్కలు చెప్పే స్కూల్ అసిస్టెంట్ అదే సబ్జెక్టులో డిగ్రీ, బీఈడీ చేసి, డీఎస్సీ కొట్టి వచ్చినవాడు. మా పాప అంతకుముందు చదివిన ప్రైవేటు బడిలో ఏడాది మధ్యలోనే లెక్కల సార్లు మారిపోయారు. వచ్చినాయన మళ్లీ మొదటి పాఠం నుంచి ఎత్తుకునేవాడు. జీతం చాలక పోయేవాళ్లను తప్పుపట్టలేం, నష్టపోయేది మాత్రం పిల్లలు. పైగా చిన్న టౌన్లలో చాలా ప్రైవేటు బడులు ఉన్న ఒక్క మంచి సారును పదో తరగతికే కేటాయిస్తాయి.

అయితే జెడ్పీ అంటే కళ్లు మూసుకుని చేర్చమని నేను చెప్పను. మన కర్నూలు పడమటి మండలాల్లో ఏళ్ల తరబడి పోస్టులు ఖాళీగా ఉండి, లెక్కలు ఇంకో సబ్జెక్టు సారు చెప్పిన బడులున్నాయి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేసి చాలావరకు నింపడంతో ఆ కొరత కొంత తీరింది. అందుకని చేర్చే ముందు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి రెండే అడగండి. లెక్కలు, ఫిజికల్ సైన్సు పోస్టుల్లో మనుషులున్నారా? వాళ్లు ఈ బడికి వచ్చి ఎన్నేళ్లయింది? రెండోది ఎందుకంటే, బదిలీల నిబంధన ప్రకారం ఉపాధ్యాయులు ఒక బడిలో ఎనిమిదేళ్లకు మించి ఉండరు. ఇప్పటికే ఏడేళ్లయిన సారు పేరు విని చేర్చితే మీ పిల్ల పదికి వచ్చేసరికి ఆయన ఉండడు. రెండు మూడేళ్ల కిందట వచ్చినాయన అయితే మీ పిల్లను పది దాటించేదాకా ఉండే అవకాశం ఎక్కువ.

ఇంగ్లీషు గురించి భయపడేవాళ్లకు ఒక మాట. ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది. మన ఊరి బడి నుంచి వచ్చిన పిల్ల పాఠం తెలుగులో అర్థం చేసుకుని ఇంగ్లీషులో రాయడం నేర్చుకుంటుంది. మాట్లాడే ఇంగ్లీషులో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందుంటారు. ఇంటికి ఫోన్ చేసి పిల్ల రాలేదేమని అడగడంలోనూ వాళ్లే ముందు. జెడ్పీలో ఆ పని తల్లిదండ్రులే చేయాలి. కనీసం నెలకోసారి బడికి వెళ్లి నోటుపుస్తకాలు చూడండి.

జెడ్పీలో చదివితే దొరికే రెండు మెట్లు చాలామంది వదిలేస్తారు. ఒకటి ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000, మొత్తం 48,000. ప్రైవేటు పిల్లలకు దీనికి అర్హత లేదు. గురుకులాలు, కస్తూర్బాల్లాంటి హాస్టల్ బడులకూ లేదు. రెండోది ట్రిపుల్ ఐటీ. ఇడుపులపాయలాంటి చోట పదో తరగతి మార్కుల మీదనే సీటిస్తారు, ఇంటర్, ఇంజనీరింగ్ కలిపి ఆరేళ్ల చదువు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు అక్కడ 4 శాతం డిప్రివేషన్ స్కోరు, అంటే వెసులుబాటు మార్కులు కలుపుతారు. ఒక్కో మార్కుకు పోటీ ఉన్నచోట అది చిన్న సాయం కాదు.

మోడల్ స్కూలును కూడా నేను ఇష్టంగానే చెప్తాను. ఆరు నుంచి ఇంటర్ దాకా ఒకే ఆవరణలో ఉంటుంది. పది అయ్యాక కాలేజీకి దూరం పంపాలా అని చదువు మాన్పించే ఇళ్లలో ఆడపిల్లకు ఇదే మేలు. ఆరుకు ప్రవేశ పరీక్ష ఉంటుంది, నోటిఫికేషన్ వేసవికి ముందే చూసుకోవాలి. చాలాచోట్ల ఊరి బయట కట్టారు, బస్సు దిగాక ఎంత నడవాలో చూసి నిర్ణయించుకోండి. లెక్కల సారు ప్రశ్న అక్కడా అడగాల్సిందే. జెడ్పీలో పోస్టు ఖాళీ, మోడల్ స్కూల్లో సారు ఉన్నాడంటే రెండో ఆలోచన లేకుండా మోడల్ స్కూలే. రెండు చోట్లా లేకపోతే, లెక్కలకు నిలకడగా ఒకే సారున్న ప్రైవేటు బడి మేలు.

కేంద్రం నడిపే హాస్టల్ బడి బనవాసి నవోదయలో సీటు వస్తే వదులుకోవద్దు. కానీ అది అయిదో తరగతిలోనే రాయాల్సిన పరీక్ష, ఏప్రిల్‌లో అనుకుంటే కుదరదు. గురుకులాలూ అంతే, చాలావరకు అయిదులోనే చేరాలి.

పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోయే ఇళ్లకు మాత్రం నా జవాబు వేరు. పిల్లను వెంట తీసుకుపోతే నెలల తరబడి బడి పోతుంది, ఎంత మంచి సారున్నా లాభం లేదు. ఆడపిల్ల అయితే కస్తూర్బాకు దరఖాస్తు చేయండి. అక్కడ తల్లిదండ్రులు లేని పిల్లలకు, బడి మానేసినవాళ్లకు, పేద ఇళ్ల పిల్లలకు ముందు అవకాశం ఇస్తారు. మగపిల్లవాడైతే జెడ్పీలోనే చేర్చి, వలస కాలంలో నడిపే సీజనల్ హాస్టల్ మీ మండలంలో ఈసారి ఉందా అని ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో దసరాకు ముందే అడగండి. బయల్దేరే ముందు రోజు అడిగితే పేరు ఎక్కదు.