స్కాట్లండ్ కోటలో చిన్న పెళ్లి: ఫొటోలకు ఏ కోట మేలు?

పాతిక మంది లోపు అతిథులతో స్కాట్లండ్ కోటలో పెళ్లి అనగానే మూడు పేర్లు తరచూ వినిపిస్తాయి. ఎడిన్‌బరో కోట లోపలి సెయింట్ మార్గరెట్స్ ఛాపెల్, పశ్చిమ తీరంలో డోర్నీ ఊరి పక్కనున్న ఐలన్ డోనన్, తూర్పు తీరంలో స్టోన్‌హేవెన్ దగ్గరి డనాటర్. బయటి నుంచి తీసిన ఫొటోలు చూస్తే మూడూ కళ్లు తిప్పుకోనివ్వవు. కానీ పెళ్లి ఆల్బమ్‌ను కోట గోడలు నింపవు, మనుషుల ముఖాలు నింపుతాయి. అందుకని ముందుగా చూడాల్సినవి మూడు. తంతు జరిగే చోటికి వెలుతురు ఎటు నుంచి వస్తుంది? కెమెరాతో నిలబడడానికి ఎన్ని అడుగులు దొరుకుతాయి? వాన పడితే అందరూ ఎక్కడికి పోతారు?

ఈ మూడింటినీ కలిపి చూస్తే, పది నుంచి పాతిక మంది ఉన్న పెళ్లికి మా ఓటు ఐలన్ డోనన్‌కు. ప్రమాణాల ఘట్టం ఒక్కటే ముఖ్యం, మిగతా రోజంతా ఊళ్లో గడుపుతామనుకునేవాళ్లకు ఛాపెల్ మేలు. డనాటర్ ఆరుగురికి మించని పెళ్లికే, అదీ అందరూ మెట్లెక్కగలిగితేనే.

సెయింట్ మార్గరెట్స్ ఛాపెల్

1130 ప్రాంతంలో మొదటి డేవిడ్ రాజు తన తల్లి మార్గరెట్ పేరిట కట్టించిన గుడి ఇది. ఎడిన్‌బరోలో నిలిచి ఉన్న కట్టడాల్లో ఇంతకంటే పాతది లేదు. లోపల వెడల్పు పది అడుగుల చిల్లర. 20 నుంచి 25 మంది కూర్చుంటే నిండిపోతుంది. జంట వెనకాల జిగ్‌జాగ్ చెక్కడంతో రాతి తోరణం వస్తుంది, ఫొటోకు ఇంకే అలంకరణా అక్కర్లేదు. కిటికీలు చిన్నవి. వాటిలోని రంగు అద్దాలు 1922లో డగ్లస్ స్ట్రాకన్ చేసినవి.

ఇక్కడ కెమెరాకు రెండే చోట్లు. ఒకటి వెనక గోడ దగ్గర, మధ్య దారిలో. అక్కడి నుంచి జంటకు సుమారు 5 మీటర్లు ఉంటే 35 ఎంఎం వైడ్ లెన్స్‌లో రెండు గోడలూ, తోరణమూ, అతిథుల వీపులూ పడతాయి. అదే చోటి నుంచి 85 ఎంఎం వేస్తే ఫ్రేమ్ వెడల్పు 2 మీటర్ల పైచిలుకే, జంట నడుము దాకా నిండుగా వస్తుంది. రెండోది తోరణం లోపల, పెళ్లి జరిపించే సెలబ్రెంట్ పక్కన. అక్కడి నుంచే జంట ముఖాలూ, వాళ్ల వెనక అమ్మానాన్నల ముఖాలూ ఒకే ఫ్రేమ్‌లో కనిపిస్తాయి. తంతు మధ్యలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లాలంటే అందరి మోకాళ్లూ దాటుకుంటూ పోవాలి, కాబట్టి అది కుదరదు. ఇద్దరు ఫొటోగ్రాఫర్లుంటే ఒక్కో చోట ఒక్కరు. ఒక్కరే అయితే తోరణం లోపలి చోటే ఎంచుకోండి. వెనక నుంచి తీయాల్సిన దృశ్యాన్ని తంతు ముగిశాక జంటను అక్కడే నిలబెట్టి తీసుకోవచ్చు. ప్రమాణం చెప్పేటప్పుడు కళ్లలో తిరిగే నీళ్లను మళ్లీ రప్పించలేం.

తోరణం లోపలికి వెళ్లడానికి సెలబ్రెంట్ అనుమతి ముందే అడగాలి. ముద్దు ఘట్టానికి రెండడుగులు పక్కకు జరగమని కూడా అప్పుడే చెప్పాలి. ఈ మాట చెప్పని పెళ్లిళ్లలో ముద్దు ఫొటోలో మూడో ముఖం పడుతుంది.

మబ్బు రోజున లెన్స్ ద్వారం f/2 (ఈ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెలుతురు), షట్టర్ 1/125 సెకను పెడితే ఐఎస్‌ఓ, అంటే కెమెరా వెలుతురును పట్టే సున్నితత్వం, 3200 నుంచి 6400 దాకా పోవడం మామూలే. f/2.8 జూమ్‌తో 6400 కావాల్సిన చోట f/1.8 ప్రైమ్‌కు, అంటే జూమ్ లేని లెన్స్‌కు, 2500 చాలు. ఈ గదిలో 24-70 జూమ్‌ను సంచిలోనే ఉంచి, రెండు కెమెరా బాడీలకు 35, 85 ప్రైమ్‌లు తగిలించుకోవడం మేలు. అయితే 85ను f/1.8 దగ్గర 3 మీటర్ల దూరంలో వాడితే ఫోకస్ లోతు 13 సెంటీమీటర్లే. వధువు ముఖం వరుడి ముఖం కంటే అరడుగు ముందుంటే ఒకరు మసకబారతారు. ఇద్దరూ ఉన్న ఫ్రేమ్‌కు f/2.8 పెట్టి, ఐఎస్‌ఓ పెరిగితే పెరగనివ్వండి. ఐఎస్‌ఓ పెరిగితే పడే చుక్కలను (గ్రెయిన్) సాఫ్ట్‌వేర్ సర్దుతుంది, మసకను సర్దలేదు.

ఫ్లాష్ వద్దు. ఇంత చిన్న గదిలో అది అందరి కళ్లలో కొడుతుంది, కిటికీ రంగులు చచ్చిపోతాయి. చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే కొన్ని ఎల్‌ఈడీ దీపాల కింద ఫొటోల్లో అడ్డచారలు వస్తాయి. బ్రిటన్‌లో కరెంటు మన దగ్గరలాగే 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్‌ను 1/100 లేదా 1/50 దగ్గర ఉంచితే చాలా మటుకు పోతాయి. అప్పటికీ పోకపోతే మెకానికల్ షట్టరే గతి. తంతుకు ముందు ఒక్క నిమిషం దొరికినా ఈ పరీక్ష చేయాల్సిందే.

బయటికొచ్చాక అసలు ఇబ్బంది జనం. దేశం మొత్తంలో పర్యాటకులు ఎక్కువగా వచ్చే చోట్లలో ఈ కోట ఒకటి. ఛాపెల్ పక్కనే మాన్స్ మెగ్ అనే పాత ఫిరంగి ఉంటుంది, దాని చుట్టూ ఎప్పుడూ ఫోన్లు పట్టుకున్నవాళ్లే. గ్రూప్ ఫొటోలు కోట మూసే వేళకో, తెరిచే వేళకో పెట్టుకోవాలి. ఆదివారాలు, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ తప్ప రోజూ మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటకు కోటలో ఫిరంగి పేలుస్తారు. వీడియో తీస్తున్నట్లయితే ప్రమాణాలను ఆ నిమిషానికి దూరంగా ఉంచండి. ఆగస్టులో మిలిటరీ టాటూ అనే సైనిక బ్యాండ్ల ప్రదర్శన కోసం కోట ముందున్న ఎస్‌ప్లనేడ్ మైదానంలో గ్యాలరీలు కడతారు. ఆ పని వేసవి మొదట్లోనే మొదలవుతుంది. కోట ముంగిట నిలబడి తీయించుకోవాలని ఆశపడేవాళ్లకు ఆ నెలలు పనికిరావు.

ఐలన్ డోనన్

డ్యూయిక్, లాంగ్, ఆల్ష్ అనే మూడు లాక్‌లు, అంటే సముద్రపు పాయలు, కలిసే చోట చిన్న దీవి మీద ఉంటుంది. 13వ శతాబ్దపు కోట 1719లో నౌకాదళం పేల్చేయగా శిథిలమైంది. ఇప్పుడు మనం చూసేది 1912 నుంచి 1932 దాకా తిరిగి కట్టింది. రాళ్ల వయసు ముఖ్యమనుకునేవాళ్లకు ఇది లోటే. ఫొటోగ్రాఫర్‌కు మాత్రం లాభం: పైకప్పు ఉంది, హాలు ఉంది, మెట్లున్నాయి, వంతెన ఉంది. వాన ఆగకపోయినా రోజు ఖాళీ పోదు.

బాంక్వెటింగ్ హాల్‌లో కిటికీలు లోతుగా, మందపాటి గోడల్లో ఉంటాయి. కిటికీ గూట్లో జంటను నిలబెడితే ఒక పక్క నుంచి మెత్తటి వెలుతురు పడుతుంది. అక్కడి నుంచి రెండు మీటర్లు లోపలికి జరిగితే అదే వెలుతురు రెండు, మూడు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కు సగం చొప్పున) పడిపోతుంది. కాబట్టి పీటలు గది మధ్యలో వేయకుండా కిటికీ వైపు వేయించమని ముందే అడగండి. ఒక మీటరు జరిపినా ఫొటో మారిపోతుంది.

పైకప్పు ముదురు రంగు దూలాలతో ఉంటుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మన కల్యాణ మండపాల్లో తెల్లటి సీలింగ్ మీదికి ఫ్లాష్ తిప్పి కొట్టే అలవాటు ఇక్కడ అక్కరకు రాదు. ముదురు చెక్క వెలుతురును మింగేస్తుంది, తిరిగొచ్చే కాస్తా గోధుమ రంగులో వస్తుంది. తెల్ల గౌను పసుపెక్కుతుంది, కళ్ల కింద గుంటలు పడతాయి. దీనికి మార్గం, ఫ్లాష్‌ను కెమెరా మీద నుంచి తీసి గది మూల స్టాండ్ మీద 60 నుంచి 90 సెంటీమీటర్ల గొడుగుతో పెట్టడం. గది వెలుతురుకు సరిపడా ఎక్స్‌పోజర్ పెట్టుకుని, ఫ్లాష్ దానికి ఒక స్టాప్ తక్కువగా పడేలా చూసుకోండి. గది దీపాలు పసుపుగా ఉంటే ఫ్లాష్‌కు సగం సీటీఓ జెల్, అంటే లేత నారింజ రంగు పారదర్శక రేకు, కట్టండి. లేకపోతే ముఖం ఒక రంగు, వెనక గోడ ఇంకో రంగు.

పట్టుచీర కట్టిన వధువైతే ఇంకో జాగ్రత్త. నేరుగా వచ్చే ఫ్లాష్‌కు జరీ తెల్లగా కాలిపోతుంది, ఎంత ఎడిట్ చేసినా ఆ బంగారు రంగు తిరిగి రాదు. గొడుగును 45 డిగ్రీలు పక్కన ఉంచితే జరీ పోగులు విడివిడిగా కనిపిస్తాయి. తెలుగు తంతు కూడా చేయాలనుకుంటే మూడింటిలో ఈ హాలే అనువు. ఛాపెల్‌లో నేల మీద కూర్చోడానికి చోటే ఉండదు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు చేతులు ముఖాలకు అడ్డొస్తాయి గనుక ఫొటోగ్రాఫర్ జంట కళ్ల ఎత్తుకు వంగి పక్క నుంచి తీయాలి. పాత కోటల లోపల నిప్పు రాజేయడానికి సాధారణంగా ఒప్పుకోరు. హోమం, దీపాలు, తలంబ్రాల బియ్యం గురించి కోట వాళ్ల నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇక బయట. ఇక్కడ గడియారం కంటే ముందు ఆటుపోట్ల పట్టిక చూడాలి. పోటు మీద కోట చుట్టూ నీళ్లు నిండి వంతెన కమానులు ప్రతిబింబిస్తాయి. ఆటు వేళ అదే చోట నాచు పట్టిన రాళ్లూ బురదా. పోటు రోజుకు రెండుసార్లు, సుమారు 12 గంటల 25 నిమిషాల తేడాతో వస్తుంది, మర్నాటికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అంటే శనివారం మధ్యాహ్నం బాగున్న వేళ తర్వాతి శనివారానికి ఆటుగా మారొచ్చు. తేదీ ఖాయం చేసుకునే ముందే ఈ పట్టిక చూసి, జంట ఫొటోలను పోటుకు అటూ ఇటూ గంటలోపు పెట్టుకుంటే అదృష్టం మీద ఆధారపడక్కర్లేదు.

రోడ్డు వైపు ఒడ్డున నిలబడి చూస్తే పొద్దున ఎండ కోట మీద పడుతుంది. వేసవి సాయంత్రం సూర్యుడు కోట వెనక్కి పోతాడు, అప్పుడు నీడచిత్రాలే వస్తాయి. జూన్‌లో రాత్రి పది దాటాకే పొద్దుగూకుతుంది, బంగారు వెలుతురు వచ్చే వేళకు అందరూ భోజనాల బల్ల దగ్గరుంటారు. తొమ్మిదింటికి జంటను పదిహేను నిమిషాలు బయటికి తీసుకెళ్తామని వంటవాళ్లకు కూడా ముందే చెప్పి ఉంచాలి.

ఆ సాయంత్రాలకు ఒక శత్రువుంది: మిడ్జ్‌లు. కంటికి సరిగ్గా ఆనని కొరికే పురుగులు. మే నుంచి సెప్టెంబరు దాకా పశ్చిమ హైలాండ్స్‌లో, గాలి లేని సాయంత్రాల్లో గుంపులుగా లేస్తాయి. గాలి గంటకు పది, పన్నెండు కిలోమీటర్లు దాటితే ఎగరలేవు. అందుకని ఫొటోలు దిగడానికి కొలను లాంటి నిశ్శబ్దపు మూల వెతక్కుండా గాలి తగిలే వంతెన మీదే నిలబడండి.

దూరం మరో లెక్క. ఎడిన్‌బరో నుంచి కారులో నాలుగు గంటల పైమాటే, ఇన్వర్నెస్ నుంచి రెండు గంటల లోపు. ఫొటోగ్రాఫర్ ముందురోజే చేరి అక్కడే పడుకునేలా ఖర్చు లెక్క వేసుకోవాలి.

డనాటర్

మూడు పక్కలా సముద్రం, సుమారు 50 మీటర్ల ఎత్తు కొండరాయి, దాని మీద చాలా మటుకు కప్పుల్లేని గోడలు. దృశ్యంగా మూడింటిలో ఇదే బలమైంది, అందులో సందేహం లేదు. స్కాట్లండ్ చట్టం ఆరుబయట పెళ్లిని కూడా ఒప్పుకుంటుంది కాబట్టి గడ్డి మీదే ప్రమాణాలు చేయవచ్చు, కోట యాజమాన్యం ఒప్పుకుంటే.

కష్టాలు దారిలోనే మొదలవుతాయి. బండి వెళ్లదు. రెండు వందల దాకా మెట్లు దిగి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ రాలేదు, బరువైన లైట్ స్టాండ్ తేలేరు. తెచ్చినా గాలి నిలబడనివ్వదు. గాలి మరీ ఎక్కువైతే కోటనే మూసేస్తారు, అందుకే రెండో చోటు సిద్ధంగా లేకుండా ఇక్కడ తేదీ పెట్టుకోకూడదు.

గాలికి ఒక పద్ధతి పనిచేస్తుంది. వధువు ముఖం గాలికి ఎదురుగా, ఫొటోగ్రాఫర్ వీపు గాలికి. జుట్టూ మేలిముసుగూ వెనక్కి ఎగురుతాయి, వాన చినుకులు లెన్స్ మీద పడవు. చీరైతే కుచ్చిళ్లకూ పైటకూ మామూలు కంటే రెట్టింపు పిన్నులు పెట్టాలి. షట్టర్ 1/500కు తగ్గకూడదు, లేకపోతే ఎగిరే కొంగు అంచు చెదిరిపోతుంది.

ఒడ్డు మీది కొండ అంచు నుంచి కోట మొత్తం పడేలా తీసే ప్రసిద్ధమైన ఫొటోకు మధ్యాహ్నం తర్వాతే వెళ్లాలి. పొద్దున సూర్యుడు కోట వెనక, సముద్రం వైపు ఉంటాడు. ఆ ఫొటోకు 35 కంటే 85 మేలు. వైడ్ లెన్స్‌లో కోట అగ్గిపెట్టె అంత అయిపోతుంది. జంటను పదిహేను, ఇరవై మీటర్ల దూరంలో నిలబెట్టి 85తో తీస్తే వెనక కోట పెద్దగా కనిపిస్తుంది. అంచుకు దగ్గరగా మాత్రం ఎవరినీ నిలబెట్టొద్దు, గడ్డి తడిగా ఉంటే జారుతుంది.

ఏ నెల?

మూడింటికీ ఏప్రిల్ చివరి నుంచి మే మధ్య దాకా, లేదా సెప్టెంబరు రెండో సగం మేలు. మిడ్జ్‌లు తక్కువ, సాయంత్రపు వెలుతురు భోజనాలకు ముందే దొరుకుతుంది. డిసెంబరులో ఎడిన్‌బరోలో సూర్యుడు 8:40కి వచ్చి 3:40కి పోతాడు. మిట్టమధ్యాహ్నం కూడా 10 డిగ్రీల ఎత్తుకే లేస్తాడు కాబట్టి గోడల మధ్య ముంగిళ్లలోకి ఎండే రాదు. చలికాలం తప్పదంటే తంతు పదకొండింటికి పెట్టి, బయటి ఫొటోలు రెండింటిలోపు ముగించాలి. అప్పుడు ఛాపెల్ ఒక్కటే నమ్మకమైన ఎంపిక.

జంట ఇద్దరే వచ్చి పెళ్లి చేసుకుంటున్నట్లయితే ఇంకో విషయం. స్కాట్లండ్‌లో 16 ఏళ్లు నిండిన ఇద్దరు సాక్షులు తప్పనిసరి, ఆ ఇద్దరిలో ఒకరు ఫొటోగ్రాఫర్ కావచ్చు. అలాంటప్పుడు సంతకాల ఘట్టాన్ని ఎవరు తీస్తారో ముందే అనుకోండి. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి ఇంటర్వెల్ టైమర్ రెండు సెకన్లకు ఒకటి తీసేలా అమరిస్తే ఆ పని జరిగిపోతుంది. అందరూ సంతకాలు పెట్టే ఆ కాగితం, మ్యారేజ్ షెడ్యూల్, తంతు వేళకు అక్కడ లేకపోతే పెళ్లే జరగదు, కాబట్టి పొద్దున ఉంగరాల ఫొటో తీసేటప్పుడే కాగితం ఎవరి సంచిలో ఉందో ఒకసారి అడగండి.