సచివాలయమా, మీసేవా, భవిత కేంద్రమా? సెరిబ్రల్ పాల్సీ పిల్లల పనులకు ఏ గడప మేలు?

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపు తప్పే వైకల్యం) ఉన్న ఎనిమిదేళ్ల పిల్లాడికి కావలసినవి చూడండి: వైకల్య శాతం తేల్చే సదరం సర్టిఫికెట్, పింఛను, ఫిజియోథెరపీ, చక్రాల కుర్చీ, నిరామయ అనే ఆరోగ్య బీమా, చదువు. సర్టిఫికెట్ ఆసుపత్రి బోర్డు ఇస్తుంది. పింఛను గ్రామీణాభివృద్ధి శాఖ చూస్తుంది. థెరపీ, చదువు బడుల పథకమైన సమగ్ర శిక్ష కిందికి వస్తాయి. కుర్చీ ఎక్కువగా ఉపకరణాలు తయారుచేసే కేంద్ర సంస్థ అలింకో నుంచి, బీమా కేంద్రం కిందే ఉన్న నేషనల్ ట్రస్టు నుంచి రావాలి. ఒకరి దగ్గరున్న కాగితం ఇంకొకరికి కనపడదు. అందుకే ఏ కౌంటర్లో త్వరగా పనవుతుందన్నదాని కంటే, ఆర్నెల్ల తర్వాత వెళ్లినా పిల్లాణ్ణి గుర్తుపట్టే మనిషి ఎక్కడున్నారన్నదే అసలు లెక్క.

ఆ లెక్కన మొదట వెళ్లాల్సింది ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి. ఆంధ్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ మండలాల్లో ప్రభుత్వ బడి ఆవరణలోనే ఉంటుంది, కానీ చాలామంది దాన్ని ‘ఇంకో బడి’ అనుకుని వదిలేస్తారు. అక్కడి రిసోర్స్ టీచర్‌కు సదరం క్యాంపు ఎప్పుడో, ఉపకరణాల ఎంపిక శిబిరం ఎక్కడో ముందే తెలుస్తుంది. మంచం దిగలేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటూ ఉంది. లోటు ఏమిటంటే, ఫిజియోథెరపిస్టు రోజూ ఉండరు. వారానికి ఒక్కరోజు చేయించి మిగతా రోజులు వదిలేస్తే కండరాల బిగుతు తగ్గదు. ఆ రోజు చేయించిన వ్యాయామాలు ఫోన్లో వీడియో తీసుకుని ఇంట్లో రోజూ చేయించాలి. కుర్చీ విషయంలోనూ ఒక జాగ్రత్త. శిబిరంలో కొలతలు తీసుకున్నాక కుర్చీ చేతికొచ్చేసరికి నెలలు గడిస్తే పిల్లాడు ఎదిగిపోతాడు. తొడ పొడవు, నడుము వెడల్పు అక్కడికక్కడే మళ్లీ చూడమనండి. పాదాలు ఫుట్‌రెస్టు మీద ఆనకపోతే సంతకం పెట్టకండి.

దరఖాస్తులకు మాత్రం ఆంధ్రలో సచివాలయమే మేలు. సదరం స్లాటు, పింఛను రెండూ అక్కడే. వెల్ఫేర్ అసిస్టెంటు ఊళ్లోనే ఉంటారు, ఒకటో తారీఖున పింఛను ఇంటికొస్తుంది (దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు). వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలిచ్చే మన మిత్ర (95523 00009) కూడా ఉంది. ఆదాయ ధ్రువీకరణ లాంటి వాటికి భేషుగ్గా పనికొస్తుంది, మెనూలో లేని ప్రశ్న అడిగితే మాత్రం గోడకు చెప్పుకున్నట్టే.

తెలంగాణలో దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలు. సర్టిఫికెట్‌కు యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్లో మీరే ఉచితంగా నమోదు చేసుకోవచ్చు, లేదా మీసేవకు వెళ్లవచ్చు. మీసేవ ఆపరేటర్ చేయి వేగం, కానీ దరఖాస్తు పంపడంతో ఆయన పని అయిపోతుంది. తప్పు పడితే తిరగాల్సింది మీరే. కాబట్టి ‘సబ్మిట్’ నొక్కే ముందు స్క్రీన్ మీవైపు తిప్పించి మూడు చూడండి: ఆధార్‌లో ఉన్నట్టే పేరు, పుట్టిన తేదీ, వైకల్యం రకం.

ఎక్కువమంది దెబ్బతినేది ఆ మూడోదాంట్లోనే. సెరిబ్రల్ పాల్సీతో పాటు మేధో వైకల్యం కూడా ఉన్న పిల్లాడికి ‘శారీరక’ అని మాత్రమే టిక్కు పెడితే, ఎముకల డాక్టరు కాళ్లూ చేతులే చూసి శాతం వేస్తారు. అది 40 కంటే తక్కువైతే పింఛను రాదు. ఒకటికి మించి ఉంటే బహుళ వైకల్యం ఎంచుకోవాలి. ఎంఆర్‌ఐ రిపోర్టు, పుట్టినప్పటి డిశ్చార్జి సమ్మరీ, ఐక్యూ పరీక్ష చేసి ఉంటే ఆ కాగితం వెంట తీసుకెళ్లండి. పిల్లలకు చాలాసార్లు తాత్కాలిక సర్టిఫికెట్టే ఇస్తారు. గడువు తీరితే పింఛను ఆగే ప్రమాదం ఉంది, మూడు నెలల ముందే మళ్లీ స్లాటు కోసం అడగడం మొదలుపెట్టండి.

నిరామయ సంగతి సచివాలయంలోనో మీసేవలోనో అడిగితే తెల్లముఖం వేస్తే ఆశ్చర్యపోకండి. నేషనల్ ట్రస్టులో నమోదైన స్వచ్ఛంద సంస్థ ద్వారా చేరాలి. ఫీజు దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి 250, మిగతావారికి 500 రూపాయలు. లక్ష వరకు కవరేజీ, అందులో థెరపీ ఖర్చులకూ వాటా ఉంది. ఏటా రెన్యువల్ మరిచిపోతే అంతే సంగతులు. సర్టిఫికెట్‌లో ‘సెరిబ్రల్ పాల్సీ’ అన్న మాట లేకపోతే ఇక్కడా ఇబ్బందే.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ (ఆంధ్రలో పీజీఆర్‌ఎస్, తెలంగాణలో ప్రజావాణి) మొదటి గడప కాదు, రెండు శాఖల మధ్య కాగితం ఇరుక్కుపోయినప్పుడే వెళ్లాలి. ముందే వెళితే అర్జీ తిరిగి అదే ఆఫీసుకు వస్తుంది. వెళ్లేటప్పుడు పాత రసీదు జిరాక్సు జతచేసి, ఒక అర్జీలో ఒక్క సమస్యే రాయండి. పింఛనూ కుర్చీ కలిపి రాస్తే ఒక శాఖ తన ముక్కకు జవాబు రాసి, మొత్తం అర్జీనే ‘పరిష్కృతం’ కింద మూసేస్తుంది.