శ్రీకాకుళంలో కిడ్నీ క్లినిక్: కూర్చోబెడతారు, కానీ కారణం వెతుకుతారు

క్లినిక్ పేరు వేయట్లేదు, ఎందుకంటే కింద తిట్టేవి కూడా ఉన్నాయి. మా మావయ్యది కవిటి వైపు, డెబ్బై దాటాయి, షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు సరిగ్గా వడకట్టకపోతే పెరిగేది) పెరిగిందని రిపోర్టు రాగానే చుట్టాల్లో సగం మంది ‘ఉద్దానం జబ్బే (మా ఉద్దానం ప్రాంతంలో చాలామందికి వచ్చే కిడ్నీ జబ్బు), ఇంకేముంది’ అన్నారు, మిగతా సగం షుగరే అన్నారు. ఈ డాక్టరుగారు రెండింటికీ వెంటనే తలూపలేదు, నాకు నచ్చింది అదే.

ముందు వాడే మందుల స్ట్రిప్పులన్నీ టేబుల్ మీద పెట్టమన్నారు. మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర, కిడ్నీలకి చేటు చేసేది, మావయ్య ఏళ్ల తరబడి మింగుతున్నారని అక్కడే బయటపడింది, ఆయన దాన్ని మందుల లెక్కలోనే వేసుకోరు. నాటుమందులు వాడారా, ఒంటేలు ధార సన్నబడిందా, రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తున్నారు అని కూడా అడిగారు. ఈ వయసు మగవాళ్లకి ప్రోస్టేట్ వాచి ఒంటేలు ఆగిపోయినా కిడ్నీలు పాడవుతాయట, అది స్కానింగ్‌లో తెలిసిపోతుంది, పైగా చాలావరకు సరిచేయొచ్చు. మావయ్యకి అది లేదని తేలింది.

తర్వాత ఒంటేల్లో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతోందో చూసే ఏసీఆర్ టెస్ట్ రాశారు. 30 లోపు ఉండాల్సింది మావయ్యకి 300 దాటేసింది. కంటి డాక్టరు దగ్గరికి పంపితే రెటీనా కూడా షుగర్ వల్ల దెబ్బతిందన్నారు. ఉద్దానం జబ్బులో మామూలుగా ప్రోటీన్ ఇంతగా పోదు, దాని అసలు కారణం ఇప్పటికీ తేలలేదు కూడా, అందుకే ఇది ఎక్కువగా షుగర్, బీపీ చేసిన పనే, దాని మీద నొప్పి మాత్రలు తోడయ్యాయి అని కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. మాత్రల వల్ల పోయింది కొంత వెనక్కి రావచ్చు, షుగర్ వల్ల పోయింది రాదు, ఉన్నది కాపాడుకోవాలి అన్నారు. మాత్రలు ఆపాక క్రియాటినిన్ కొంచెం దిగింది, నార్మల్‌కైతే రాలేదు.

ఇంకో సంగతి, షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇది వినండి. ఈ మధ్య మావయ్యకి అదే ఇన్సులిన్ డోసుతో షుగర్ బాగా తగ్గుతోందని అత్తయ్య మురిసిపోయింది. కిడ్నీ బలం తగ్గితే ఇన్సులిన్ ఒంట్లోంచి త్వరగా పోదు, అందుకే అలా పడిపోతుందట! డోసు తగ్గించారు. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) 30 కిందకి వస్తే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర కూడా ఆపేయాలన్నారు.

ఇక తిట్టాల్సినవి. టోకెన్‌కి అర్థమే లేదు, పొద్దున్నే వచ్చినవాళ్లు మధ్యాహ్నం దాకా కూర్చోవాలి, షుగర్ వాళ్లు టిఫిన్ వెంట తెచ్చుకోండి. టెస్టులు వాళ్ల ల్యాబ్‌లోనే చేయించుకోమని కౌంటర్లో నస పెడతారు, డాక్టరుగారిని అడిగితే బయట చేయించినా ఫర్వాలేదన్నారు. క్లినిక్ మేడ మీద, లిఫ్ట్ లేదు, కాళ్లవాపు ఉన్న మనిషిని ఎక్కించడం నరకం. ప్రతిసారీ ఇంత దూరం రానక్కర్లేదు, పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గర కదా, మధ్యలో పరీక్షలు అక్కడ చేయించుకోండి అని ఆయనే చెప్పారు. ఇప్పుడు అలాగే చేస్తున్నాం.