టీనేజీ పిల్లలకి హార్ట్ చెకప్ ప్యాకేజీ: ఏది పనికొస్తుంది, ఏది దండగ

నెల్లూరు పొగతోటలో చూసినా, ఒంగోలులో చూసినా హార్ట్ చెకప్ ప్యాకేజీలు ఇంచుమించు ఒకే మూసలో ఉంటాయి: ఈసీజీ, టూడీ ఎకో (గుండెకి తీసే స్కానింగ్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తూ తీసే ఈసీజీ), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), షుగరు, కిడ్నీ పరీక్షలు. ఇది నలభై దాటినవాళ్ల కోసం కూర్చిన జాబితా. ఇంటర్ చదివే పిల్ల హాస్టల్ నుంచి ఫోన్ చేసి "గుండెలో పొడుస్తా ఉందమ్మా" అనగానే కంగారులో ఇదే కట్టించేస్తున్నారు. ఈ వయసులో వచ్చే ఛాతీ నొప్పుల్లో గుండెజబ్బు వల్ల వచ్చేవి నూటికి ఐదు లోపే. మిగతావాటికి కారణం ఎక్కువగా పక్కటెముకల దగ్గర వాపు, కండరాల పట్టు, ఎసిడిటీ, ఆస్తమా, ఆందోళన. వీటిలో ఒక్కదాన్ని కూడా ఆ ప్యాకేజీ పట్టుకోలేదు.

అందులో ఈసీజీ మాత్రం తీయించాల్సిందే. 12 లీడ్లది కావాలి, అంటే ఒంటిమీద 10 ఎలక్ట్రోడ్లు పెట్టి తీసేది. పిల్లని కాసేపు పడుకోబెట్టి దడ తగ్గాక తీయాలి. కాగితం అంచున సెకనుకు 25 మిల్లీమీటర్లు, మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్లు అనే కొలతలు పడ్డాయో లేదో చూసుకోండి. అసలు చిక్కు మెషీన్ తనంతట తాను పైన కొట్టే మాటలతో వస్తుంది. "సైనస్ అరిథ్మియా" అని కనబడితే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం కాస్త పెరిగి, వదిలినప్పుడు తగ్గడమే అది. ఈ వయసులో మామూలే. ఛాతీ మీది వీ1 నుంచి వీ3 వరకు లీడ్లలో టీ తరంగం (ఈసీజీ గీతలో ఒక మెలిక) తలకిందులుగా ఉండటం పెద్దవాళ్లలో అయితే అనుమానించాల్సిన సంగతి, చిన్నవయసులో సహజంగానే ఉండొచ్చు. అందుకని డాక్టరు చదవకుండా కవర్లో పెట్టి చేతికిచ్చే ఈసీజీ సగం సేవే.

ఎకో అందరికీ అక్కర్లేదు. డాక్టరు స్టెతస్కోపుతో విన్నప్పుడు మర్మర్ (గుండె చప్పుళ్ల మధ్య వచ్చే అదనపు శబ్దం) వినబడినా, ఈసీజీలో నిజంగా తేడా ఉన్నా, శ్రమలో నొప్పి వస్తున్నా చేయించాలి. టీఎంటీ కూడా అంతే. కూర్చుని చదువుకుంటుండగా వచ్చే నొప్పికి పరిగెత్తించి తెలుసుకునేదేమీ లేదు. లిపిడ్ ప్రొఫైల్‌కీ ఇవాళ్టి నొప్పికీ సంబంధం లేదు. దడ ఎక్కువగా ఉన్నవాళ్లకి చూడాల్సిన హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) మాత్రం పైన చెప్పిన జాబితాలో లేవు. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువ కావడం రెండూ దడ తెప్పిస్తాయి.

అన్నిటికంటే విలువైనది పిల్లల డాక్టరు దగ్గర దొరికే పదిహేను నిమిషాలు. "ఎక్కడ్రా అబ్బయా, వేలితో చూపించు" అని అడిగే డాక్టరు దొరికితే సగం దారి తెలిసినట్టే. ఒకే వేలితో ఒకే చోటు చూపించి, అక్కడ నొక్కితే అదే నొప్పి వచ్చిందంటే ఎక్కువసార్లు అది పక్కటెముకల దగ్గరిదే. ఎడమవైపు సూదితో పొడిచినట్టు, ఊపిరి పీలిస్తే ఎక్కువయ్యి, మూడు నిమిషాల్లోపే పోతే దాన్ని ప్రీకార్డియల్ క్యాచ్ అంటారు. మందు అక్కర్లేదు. మొటిమలకి డాక్సీసైక్లిన్ వాడుతున్నారా అని కూడా అడగాలి. రాత్రి ఒక గుక్క నీళ్లతో క్యాప్సూల్ మింగి వెంటనే పడుకుంటే అది అన్నవాహికలో అంటుకుని పుండు చేస్తుంది, రొమ్ము మధ్యలో మంట పెడుతుంది. గ్లాసు నిండా నీళ్లు తాగి, కనీసం అరగంట కూర్చుంటే ఇది రాదు.

ఆందోళన వల్ల వచ్చే నొప్పి తీరు వేరు. పది నిమిషాల్లోపు తారస్థాయికి చేరుతుంది. ఛాతీ బిగుసుకుంటుంది, వేళ్లూ పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతాయి, చచ్చిపోతామన్న భయం పట్టుకుంటుంది. వేగంగా ఊపిరి తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోవడమే ఆ తిమ్మిరికి కారణం. ఆక్సిజన్‌కి లోటుండదు, పల్స్ ఆక్సీమీటర్లో 98, 99 కనబడుతుంది. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా వదలమని చెప్పి, ఐదు నిమిషాలు పక్కనే కూర్చుని చేయించండి. కాగితం సంచిలో ఊపిరి పీల్చమనడం మాత్రం వద్దు. అది ఆస్తమా అయితే ప్రమాదం.

"రిపోర్టులన్నీ నార్మల్, నీకేం లేదు, నటిస్తున్నావు" అని దయచేసి అనకండి. గుండె బాగుంది, నొప్పీ నిజమే. బిగిసిన కండరం నిజంగానే నొప్పెడుతుంది. నమ్మరేమోనన్న భయంతో పిల్లలు మళ్లీ నొప్పి వచ్చినా చెప్పడం మానేస్తారు. మరో ల్యాబులో అవే పరీక్షలు తిరిగి చేయించడం కూడా "ఏదో ఉందన్నమాట" అనే అనుమానాన్నే పెంచుతుంది.

ఆటలో, పరుగులో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, పొడవుగా సన్నగా ఉన్న అబ్బాయికి ఉన్నట్టుండి ఒకవైపు నొప్పితో ఆయాసం వచ్చినా ప్యాకేజీ ఊసే వద్దు, 108కి ఫోన్ చేయండి. జ్వరంతో పాటు నొప్పి ఉండి, ముందుకి వంగితే తగ్గుతున్నా అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి. దగ్గరి బంధువుల్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా పోయి ఉంటే ఆ సంగతి డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి.

గుండెకి ఢోకా లేదని తేలాక ఖర్చు లేకుండా దొరికే సాయం టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, నంబరు 14416. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలరు మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రీ నిపుణులకి కలుపుతారు. గుండెని వినడం ఫోన్లో కుదరదు కాబట్టి ఈసీజీ తర్వాతే దీని వంతు. నొప్పి ఎప్పుడు వచ్చింది, ఎంతసేపుంది, దానికి ముందు ఏం జరిగింది, ఆ రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు అనేవి రెండు వారాల పాటు ఒక నోటుబుక్కులో రాయించి, ఆ పుస్తకం పిల్లల చేతుల్లోనే ఉంచి, ఫోన్లో వాళ్లనే మాట్లాడనివ్వండి. వారాల తరబడి కాలేజీకి పోలేకపోతుంటే నెల్లూరు దర్గామిట్టలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో, ఒంగోలు సర్వజన ఆసుపత్రిలోనో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. ఈసీజీ కాగితాలతో పాటు ఆ నోటుబుక్కు కూడా చూపించండి.